మాజీ సైనికుల వైకల్య పింఛను అప్పీళ్లు: ప్రొస్టేట్ క్యాన్సర్ దావాలు

నిర్వచనం, పరిధి

సైన్యంలో పనిచేసే కాలంలో పట్టిన జబ్బుకో, తగిలిన గాయానికో ప్రభుత్వం జీవితాంతం చెల్లించే పింఛనే వైకల్య పింఛను. మాజీ సైనికుల నోట అది డిజెబిలిటీ పెన్షన్. అందులో రెండు భాగాలుంటాయి. చేసిన సర్వీసుకు దక్కేది సర్వీసు ఎలిమెంట్. వైకల్యం శాతాన్ని బట్టి దక్కేది డిజెబిలిటీ ఎలిమెంట్. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం, అంతకు తక్కువైతే ఆ దామాషాలో చెల్లిస్తారు. ఇది దక్కాలంటే వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు, పైగా అది సర్వీసు వల్ల వచ్చినదో, సర్వీసు వల్ల ముదిరినదో అయి ఉండాలి. రెండూ కాదని మెడికల్ బోర్డు రాస్తే దాన్ని మాజీ సైనికులు 'నానా' అంటారు. అప్పీళ్లన్నీ దాదాపుగా ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి. ఈ వ్యాసం ప్రొస్టేట్ క్యాన్సర్ కారణంగా పింఛను కోరే దావాలకు పరిమితం. గుజరాత్‌లోని సూరత్‌లో స్థిరపడిన మాజీ సైనికుడు నడవాల్సిన దారిని ఉదాహరణగా తీసుకుంటుంది. నిబంధనలనూ తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ దావాల గెలుపోటములకు జబ్బు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న కంటే ఎప్పుడు బయటపడిందన్న ప్రశ్నే ఎక్కువగా కారణమవుతున్నట్టు తేలుతుంది.

వ్యాధి స్వభావం

ప్రొస్టేట్ మగవారిలో మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. దానికి వచ్చే క్యాన్సర్ 50 ఏళ్లలోపు అరుదు, 65 దాటాక ఎక్కువ. తరచుగా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండా మెల్లగా పెరుగుతుంది. పీఎస్‌ఏ అనే రక్తపరీక్షతో అనుమానం మొదలై, ఎంఆర్ఐతోనూ బయాప్సీతోనూ నిర్ధారణ అవుతుంది. శస్త్రచికిత్స, రేడియేషన్, పురుష హార్మోన్లను అణిచే ఇంజెక్షన్లు ప్రధాన చికిత్సలు. ముప్పు తక్కువనుకున్న కణితిని వెంటనే ముట్టుకోకుండా క్రమం తప్పకుండా పరీక్షిస్తూ ఉండటం కూడా అంగీకృత పద్ధతే. కణితి తొలగిపోయాక కూడా మూత్రం ఆపుకోలేకపోవడం, లైంగిక సామర్థ్యం తగ్గడం వంటివి మిగిలిపోవచ్చు. అందువల్ల ఈ జబ్బులో వైకల్యం శాతం లెక్క కణితితో ముగిసిపోదు.

పింఛను చట్టానికి ఇందులో ముఖ్యమైన సంగతి కాలం. 2022కు ముందు సిపాయిగా చేరినవారు చాలావరకు పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల మధ్య సైన్యంలోకి వచ్చి, చాలామంది 40 నిండకముందే పింఛనుతో బయటికొస్తారు. జేసీవోలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) మరికొన్నేళ్లు ఉంటారు. కర్నల్ 54 ఏళ్ల దాకా, ఆ పై హోదాలవారు ఇంకా ఎక్కువ కాలం కొనసాగుతారు. అంటే సర్వీసులో ఉండగానే ఈ క్యాన్సర్ బయటపడే అవకాశం ప్రధానంగా అధికారులకే ఉంది. సిపాయి విషయంలో అది యూనిఫాం విప్పిన ఇరవై, పాతికేళ్లకు గానీ బయటికి రాదు. ఒకే నిబంధన హోదాను బట్టి రెండు రకాలుగా పనిచేయడానికి ఇదే మూలం. (చూడండి: దావాల రకాలు)

చట్టం పరిణామం

సైన్యానికి సంబంధించిన 1961 నాటి పింఛను నిబంధనల్లో 173వ నిబంధన వైకల్య పింఛనుకు పునాది. దానికి తోడుగా వచ్చినవి ఎంటైటిల్‌మెంట్ రూల్స్ అని పిలిచే 1982 నాటి అర్హత నిబంధనలు. ఇవి సైనికుడి వైపు గట్టిగా మొగ్గాయి. భర్తీ నాటి వైద్య పత్రాల్లో జబ్బు నమోదు కాకపోతే, అతను ఆరోగ్యంగానే చేరాడనీ, తర్వాత వచ్చిన క్షీణత సర్వీసు వల్లేననీ భావించాలి. అర్హతను రుజువు చేసుకోమని దావాదారును అడగకూడదు. సహేతుకమైన సందేహం ఏదైనా ఉంటే దాని లాభం అతనికే దక్కాలి. అదే నిబంధనల అనుబంధంలోని వ్యాధుల వర్గీకరణ మాత్రం క్యాన్సర్‌ను 'మామూలుగా సర్వీసు ప్రభావం సోకని' జబ్బుల్లో చేర్చింది. మూల సూత్రం ఒక వైపు, అనుబంధం మరో వైపు లాగడంతో క్యాన్సర్ దావాలు మొదటినుంచీ వివాదాస్పదంగానే ఉన్నాయి. సైనిక వైద్యాధికారులకిచ్చిన మార్గదర్శిని ఈ బిగువును కొంత సడలించింది. వృత్తిరీత్యా రసాయనాలు, ఇంధనాలు, రేడియేషన్ సోకిన సందర్భాల్లో క్యాన్సర్‌ను సర్వీసుతో ముడిపెట్టే వీలు కల్పించింది.

2008 అర్హత నిబంధనలతో మొగ్గు మారింది. సర్వీసులో ఉండగా జబ్బు కనిపించినంత మాత్రాన అది సర్వీసు వల్లే వచ్చినట్టు కాదన్న భావన వాటిలో చేరింది. రుజువు భారం దావాదారుది కాదన్న సూత్రం మిగిలినా, దానికో పెద్ద మినహాయింపు పెట్టారు. సర్వీసు వదిలిన 15 ఏళ్ల తర్వాత దావా వేస్తే, అప్పటికి పత్రాలు గడువు ముగిసి నాశనమై ఉంటే, రుజువు భారం దావాదారు మీదే పడుతుంది. 38 ఏళ్లకు ఇంటికొచ్చిన సిపాయికి ఆ గడువు 53 ఏళ్లకు ముగుస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా కనిపించే వయసు అప్పటికింకా రాలేదు. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హత నిబంధనలు, కొత్త మార్గదర్శిని అమల్లోకి వచ్చాయి. అంతకుముందు సర్వీసు ముగిసినవారికి పాత నిబంధనలే వర్తిస్తాయి. కాబట్టి ఏ దావాలోనైనా మొదట తేల్చాల్సింది ఏ సంవత్సరపు నిబంధన అన్నదే.

కోర్టుల పక్షాన మలుపు 2013 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. 1985లో చేరి 1994లో మూర్ఛవ్యాధితో సర్వీసు కోల్పోయిన సిపాయి కేసది. చేరినప్పుడు జబ్బు నమోదు కాలేదంటే అది సర్వీసు వల్లే వచ్చిందన్న ఊహ సైనికుడికి అనుకూలంగా నిలుస్తుందనీ, కాదనే బోర్డు కారణాలు రాయాలనీ కోర్టు చెప్పింది. 2014 డిసెంబరు నాటి రామ్ అవతార్ తీర్పు శాతాన్ని పెంచి లెక్కించే సౌలభ్యాన్ని విస్తరించింది. దాని ప్రకారం 50కి లోపున్న వైకల్యాన్ని 50గా, ఆ పైన 75 వరకు ఉన్నదాన్ని 75గా, అంతకు మించినదాన్ని 100గా పరిగణిస్తారు. అంతకుముందు జబ్బు కారణంగా మధ్యలో బయటికొచ్చినవారికే పరిమితమైన ఈ లాభం, పూర్తికాలం పనిచేసి విరమించినవారికీ దక్కింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో విరమించేవారిలో అధికులు రెండో కోవలోనివారే కనుక వారికిది పెద్ద ఊరట.

దావాల రకాలు

మొదటి రకంలో క్యాన్సర్ సర్వీసులోనే బయటపడుతుంది. విరమణకు ముందు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుని ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అనే ఫారం నింపుతుంది. అందులో జబ్బు పేరు, అది మొదలైన తేదీ, స్థలం రాసి, ఎదురుగా సర్వీసు వల్ల వచ్చిందా, ముదిరిందా అన్న గడుల్లో అవును, కాదు అని నింపి, పక్కన కారణం రాయాలి. ఈ కారణం గడిలో చాలా ఫారాల్లో కనిపించేది అచ్చుపోసినట్టుండే ఒకే వాక్యం: జబ్బు పీస్ స్టేషన్‌లో (సరిహద్దు విధులు లేని చోట) మొదలైంది, ఫీల్డ్ ఏరియాతోనూ ఎత్తైన ప్రాంతపు సర్వీసుతోనూ సమీప సంబంధం లేదు. గుండెజబ్బుకో మానసిక ఒత్తిడికో ఈ తర్కం కొంత అతుకుతుంది. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరిగే ప్రొస్టేట్ కణితికి 'మొదలైన స్థలం' అన్న గడి నింపడమే అసాధ్యం. అందులో రాసేది పరీక్ష జరిగిన ఊరు. జబ్బు పుట్టిన చోటు అది కావాలని లేదు. పీస్ స్టేషన్‌లో బయటపడిందన్న ఒక్క కారణంతో దావాను తోసిపుచ్చడం చెల్లదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా స్పష్టం చేసింది.

రెండో రకంలో క్యాన్సర్ విరమణ తర్వాత బయటపడుతుంది. నిర్ణీత గడువులోపు తలెత్తిన జబ్బు, సర్వీసు పరిస్థితులు అంతకుముందే మొదలుపెట్టిన రోగక్రమం ఆలస్యంగా బయటపడ్డ రూపమని వైద్యపరంగా తేలితే గుర్తింపు ఇవ్వొచ్చని నిబంధనలు చెబుతాయి. కాగితం మీద ఇది ప్రొస్టేట్ క్యాన్సర్‌కు సరిగ్గా సరిపోయే వాక్యం. ఆచరణలో మాత్రం సైనికుడికి అనుకూలమైన ఊహ ఇక్కడ పనిచేయదు. రోగక్రమం ఎప్పుడు మొదలైందో అతనే చూపాలి. 55 ఏళ్ల వయసులో, విరమణకు నెల ముందు పీఎస్‌ఏ పెరిగిన అధికారికి సందేహలాభం దక్కుతుంది. అదే కణితి ఉండి, ఆ పరీక్షే చేయించుకోని మనిషికి దక్కదు. ఇద్దరి జబ్బూ ఒకటే, తేడా అంతా పరీక్ష జరిగిన తేదీలో ఉంది.

అప్పీలు క్రమం: సూరత్ నుంచి

తిరస్కార ఉత్తర్వు అందిన ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు, అది పోతే మళ్లీ రెండో అప్పీలు చేసుకోవాలి. రెండింటినీ తేల్చేవి రక్షణ శాఖ లోపలి కమిటీలే. అక్కడా ఫలించకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 నాటి చట్టంతో ఏర్పడిన ఈ ట్రిబ్యునల్ 2009 ఆగస్టులో మొదలైంది. అంతకుముందు ఈ కేసులు హైకోర్టుల్లో రిట్లుగా నడిచేవి. గుజరాత్ మొత్తం ముంబై బెంచ్ పరిధిలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెన్నై బెంచ్. విరమించిన సైనికుడు దావా వేసే నాటికి తాను నివసిస్తున్న ప్రాంతపు బెంచ్‌ను ఎంచుకోవచ్చు. తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివారి కుటుంబాలు తరాలుగా లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో నివసిస్తున్న, నగరపాలిక తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపే సూరత్‌లో ఈ నిబంధనకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పిల్లల దగ్గరకో, బంధువుల వ్యాపారం దగ్గరకో వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు మాజీ సైనికుడు చెన్నై వెళ్లనక్కరలేదు. రైల్లో కొన్ని గంటల దూరంలో ఉన్న ముంబైలోనే వాదన వినిపించుకోవచ్చు.

పింఛను పత్రాలకు ఇప్పుడు ఆధారం స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ. దాన్ని ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల ప్రధాన లెక్కల కార్యాలయం నడుపుతుంది. జవాన్ల, జేసీవోల వైద్య పత్రాలు మాత్రం రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. మెడికల్ బోర్డు నకలు, భర్తీ నాటి వైద్య పరీక్ష, పోస్టింగుల జాబితా, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు చేతిలో లేకుండా వేసిన అప్పీలు మొదటి మెట్టులోనే నిలిచిపోతుంది. వీటిని సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకోవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దరఖాస్తుల్లో సాయపడుతుంది. చికిత్స భారాన్ని 2003 నుంచి మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ మోస్తోంది. సర్వీసు పింఛను అందుకుంటున్నవారి చికిత్స హక్కుకు జబ్బుతో సర్వీసు సంబంధం రుజువు కానక్కర్లేదు. వైకల్య పింఛను కేసు ఓడినా వారి వైద్యం ఆగదన్న సంగతి తెలియక దరఖాస్తే పెట్టుకోని కుటుంబాలకు ఇది తప్పక చెప్పాలి.

ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి చివరి ఉత్తర్వు నుంచి ఆరు నెలల గడువు ఉంది. పింఛను నెలనెలా అందాల్సినది కనుక ఆలస్యమైనా దావా పూర్తిగా చచ్చిపోదని 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు చెప్పింది. అయితే బకాయిలు మామూలుగా దావాకు ముందు మూడేళ్లకే పరిమితమవుతాయి. ట్రిబ్యునల్ తీర్పుపై సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే సాధారణ ప్రజా ప్రాముఖ్యం గల న్యాయ ప్రశ్న ఉండాలి. హైకోర్టు రిట్ అధికారం కూడా తొలగిపోలేదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది.

శాస్త్రీయ సాక్ష్యం

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఖాయమైన కారణాలు వయసు, వంశపారంపర్యం, జాతి మూలాలు. వృత్తి కారణాల విషయంలో సాక్ష్యం పలచన. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కాడ్మియం, మలాథియాన్, అగ్నిమాపక వృత్తి, రాత్రి షిఫ్టులు వంటి వాటిని ఈ క్యాన్సర్‌తో పరిమిత సాక్ష్యం స్థాయిలోనే ముడిపెట్టింది. అమెరికా రక్షణ శాఖ 2023లో వెల్లడించిన అధ్యయనంలో సైనిక విమానాల్లో ఎగిరే సిబ్బందికి సాధారణ జనం కంటే ప్రొస్టేట్ క్యాన్సర్ రేటు 16 శాతం ఎక్కువని తేలింది. దాన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సైన్యంలో ఉన్నవారికి వైద్య పరీక్షలు ఎక్కువ, వెతికినచోట ఈ క్యాన్సర్ ఎక్కువగా దొరుకుతుంది. అయినా రాడార్, విమాన ఇంధనం, అగ్నిమాపక విధుల్లో ఏళ్లు గడిపినవారి దావాలో పోస్టింగుల జాబితా ఎందుకు కీలకమో ఇది చూపుతుంది.

సూరత్ వంటి పారిశ్రామిక నగరంలో ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. విరమణ తర్వాత పాండేసరా అద్దకం మిల్లుల్లోనో, సచిన్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల్లోనో సెక్యూరిటీ ఉద్యోగం చేసిన మనిషికి జబ్బు ఆ రసాయనాల వల్ల వచ్చి ఉండవచ్చు కదా అన్న వాదన తేలిగ్గా తలెత్తుతుంది. అద్దకపు రసాయనాలకు బలమైన శాస్త్రీయ సంబంధం ఉన్నది మూత్రాశయ క్యాన్సర్‌తో. ప్రొస్టేట్‌తో అలాంటిది స్థిరపడలేదు. రెండు అవయవాలూ పక్కపక్కనే ఉన్నా, రెండు జబ్బుల కారణాలను కలిపేయకూడదు. అప్పీలులో ఈ తేడాను ఆంకాలజిస్టు లేఖ స్పష్టంగా చెప్పాలి.

ఇతర దేశాల విధానాలు

ఇదే పలచని సాక్ష్యంతో అమెరికా ఎదురు నిర్ణయం తీసుకుంది. వియత్నాం యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌కూ ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని అక్కడి జాతీయ అకాడమీల నిపుణులు 'పరిమితం, సూచనాత్మకం' అనే మెట్టులోనే ఉంచారు. అయినా 1996లో ప్రభుత్వం ఆ జబ్బును సర్వీసు వల్ల వచ్చినట్టే భావించే జాబితాలో చేర్చింది. వియత్నాంలో పనిచేశాడనీ జబ్బు ఉందనీ చూపితే చాలు, ఎన్నేళ్ల తర్వాత వచ్చినా సరే. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం ఇరాక్, అఫ్గానిస్థాన్ ప్రాంతాల్లో చెత్త తగలబెట్టిన పొగకు గురైనవారికీ ఇలాంటి జాబితాను ఇచ్చింది. జబ్బు చురుకుగా ఉన్నంతకాలం, చికిత్స ముగిశాక ఆరు నెలల దాకా, అక్కడ 100 శాతం రేటింగు. ఆ తర్వాత మిగిలిన ఇబ్బందిని కొలుస్తారు. మూత్రం ఆపుకోలేక ప్యాడ్లు రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు మార్చాల్సివస్తే 40 శాతం, నాలుగుకు మించితే 60 శాతం. 2019 ఫిబ్రవరి నుంచి అప్పీలుకు మూడు దారులున్నాయి: కొత్త సాక్ష్యంతో మళ్లీ దావా, పై స్థాయి అధికారి పునఃపరిశీలన, లేదా అప్పీళ్ల బోర్డు. ఆస్ట్రేలియా ఇంకో మార్గం ఎంచుకుంది. జబ్బు వారీగా అంగీకృత కారణాలను వైద్య నిపుణుల సంస్థ ముందే ప్రకటిస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ అలాంటి ప్రకటన ఉంది. భారత్‌లో ఈ జబ్బుకు ఫలానా విధి, ఫలానా కాలం అని చెప్పే జాబితా లేదు. దానివల్ల ప్రతి కేసూ మొదటినుంచి వాదించాల్సివస్తోంది.

అభ్యంతరాలు, సమాధానాలు

ప్రభుత్వ వాదనల్లో బలమైనది ఇది: ప్రొస్టేట్ క్యాన్సర్ వయసుతో వచ్చే జబ్బు, సైన్యం గడప తొక్కనివారికీ అంతే వస్తుంది, దానికి వైకల్య పింఛను ఇస్తే మిగతా పౌరులకు అన్యాయం. ఇందులో మొదటి సగం నిజం. కానీ 1982 నిబంధనలు అడిగినది సైనికులకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుందా అని కాదు. ఈ ఒక్క మనిషిలో సర్వీసు పాత్ర లేదని చెప్పగలరా అని. జనాభా సగటు వ్యక్తి కారణాన్ని తేల్చలేదు. తేల్చలేనిచోట సందేహలాభం ఎవరికన్నది శాసన నిర్ణయం, ఆ నిర్ణయం అప్పటికే రాసి ఉంది. 'వచ్చింది' కాకపోయినా 'ముదిరింది' అన్న రెండో ప్రశ్నకూ బోర్డు విడిగా జవాబు రాయాలి. మూత్ర ఇబ్బందితో రిపోర్టు చేసిన జవానుకు మారుమూల పోస్టులో నెలల తరబడి పరీక్ష జరగకపోతే, జబ్బు వయసుదే అయినా ఆలస్యం సర్వీసుది.

రెండో అభ్యంతరం దుర్వినియోగం. 2023లో వెలువడిన కాగ్ నివేదిక వైకల్య పింఛనుతో విరమించేవారిలో అధికారుల వాటా జవాన్ల వాటా కంటే బాగా ఎక్కువనీ, రక్తపోటు, మధుమేహం వంటి జీవనశైలి జబ్బులే అందుకు ముఖ్య కారణమనీ ఎత్తిచూపింది. ఆ ఆందోళనను కొట్టిపారేయలేం. అయితే బయాప్సీతో గానీ నిర్ధారణ కాని క్యాన్సర్‌ను నటించడం కుదరదు. పైగా అధికారులు, జవాన్ల మధ్య ఆ తేడాలో కొంతభాగం విరమణ వయసు తేడాయే కావచ్చు. సర్వీసులోనే జబ్బు బయటపడితేనే సందేహలాభం అన్న పద్ధతి ఎక్కువకాలం పనిచేసేవారికి సహజంగానే కలిసొస్తుంది. దాన్ని సరిచేయాలంటే సర్వీసులో దొరికిన జబ్బులన్నిటికీ నిబంధన బిగించడం కంటే, ఆలస్యంగా బయటపడే జబ్బులకు విధుల వారీ జాబితా తయారుచేయడం, వైద్య పత్రాలను సైనికుడు బతికున్నంతకాలం భద్రపరచడం న్యాయం. స్పర్శ్ వంటి డిజిటల్ వ్యవస్థ వచ్చాక పత్రాలు నాశనమయ్యాయన్న కారణంతో రుజువు భారాన్ని మార్చడానికి పాత సమర్థన మిగల్లేదు.

మూడో అభ్యంతరం మెడికల్ బోర్డు నిపుణుల అభిప్రాయాన్ని న్యాయమూర్తులు తోసిపుచ్చకూడదన్నది. సుప్రీంకోర్టే కొన్ని కేసుల్లో ఈ వాదనను అంగీకరించి దావాలను తిరస్కరించింది. బోర్డు కారణాలు వివరంగా రాసినచోట ఆ గౌరవం సమంజసమే. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు పీస్ స్టేషన్ వాక్యం అతికించినచోట పరీక్షించడానికి నిపుణాభిప్రాయమే ఉండదు.

కుటుంబ పింఛను

దావా నడుస్తుండగా మాజీ సైనికుడు మరణిస్తే వారసులు కేసును కొనసాగించవచ్చు. భార్యకు మామూలుగా దక్కే సాధారణ కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం. మరణం సర్వీసు సంబంధిత కారణం వల్లేనని తేలితే ప్రత్యేక కుటుంబ పింఛను 60 శాతం. భర్త బతికుండగా 'నానా' అన్న మాటను సవాలు చేయకుండా వదిలేస్తే, ఆయన పోయాక ఆమె ముందు ఆ మాటే మళ్లీ అడ్డం నిలుస్తుంది. అప్పటికి పోస్టింగుల వివరాలు చెప్పగల మనిషి ఉండడు. అందువల్ల వైకల్యం శాతం తక్కువగా వచ్చి, నెలకు చేతికందే మొత్తం చిన్నదైనా, సర్వీసు సంబంధాన్ని గుర్తింపజేసుకునే అప్పీలును భర్త హయాంలోనే వేయాలని ఈ కేసులు చూసే న్యాయవాదులు సలహా ఇస్తారు. (చూడండి: అప్పీలు క్రమం)